ట్యాంక్‌బండ్ మీద ఉన్నవారు, లేనివారు

క్లుప్తంగా
హుస్సేన్‌సాగర్ చుట్టూ నాలుగు దశాబ్దాలుగా వెలుస్తున్న విగ్రహాలు ఆ చోటు చరిత్రను కొంతే చెబుతాయి. వాటిని నిలబెట్టిన ప్రభుత్వం తన ప్రజలను ఎవరుగా భావించిందన్నది అంతకంటే ఎక్కువగా చెబుతాయి. 1986 నాటి 33 విగ్రహాలు, 2011లో వాటిలో కొన్నింటి విధ్వంసం, 2023–24లో వచ్చిన కొత్త నిర్మాణాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్న పొరలు. చెరువు కట్టించిన కాలం, కట్ట దిగువన బతికిన పేటలు మాత్రం ఈ పొరల్లో దాదాపు కనిపించవు.

వివాదం ఎందుకు తెగదు

2024 సెప్టెంబరులో తెలంగాణ సచివాలయం ఎదుట రాజీవ్ గాంధీ విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆ చోటు తెలంగాణ తల్లి కోసం ఉద్దేశించినదని ప్రతిపక్షం అభ్యంతరం చెప్పింది. అదే ఏడాది డిసెంబరు 9న సచివాలయ ప్రాంగణంలోనే తెలంగాణ తల్లి విగ్రహం వెలిసింది, అయితే కొత్త రూపంలో. ఉద్యమ కాలం నుంచి అలవాటైన తల్లికి కిరీటం ఉండేది, చేతిలో బతుకమ్మ ఉండేది. కొత్త తల్లి ఆకుపచ్చ చీరలో, చేతిలో వరి, జొన్న, మొక్కజొన్న కంకులతో సాధారణ పల్లె స్త్రీలా నిలబడింది. కిరీటం దొరల కాలపు గుర్తు అని ఒక వాదన, బతుకమ్మను తీసేయడం సంస్కృతిని తీసేయడమే అని మరో వాదన.

దీన్ని రెండు పార్టీల మధ్య పంతంగా చూస్తే సగమే అర్థమవుతుంది. హుస్సేన్‌సాగర్ చుట్టూ ఉన్న కొద్ది కిలోమీటర్ల దారి తెలుగు రాజకీయాలకు బహిరంగ గోడలాంటిది. ప్రతి ప్రభుత్వం తన మాట అక్కడే రాయాలనుకుంటుంది. ముందువారి రాత చెరిగిపోదు, దాని పక్కనే కొత్త రాత చేరుతుంది. కాబట్టి ఒక్కో విగ్రహం గురించి విడిగా వాదించుకోవడం కంటే ఆ గోడ ఎలా నిండిందో వరుసగా చూడడం మేలు.

మొదట చెరువు

చెరువు నగరం కంటే పాతది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలనలో 1562 ప్రాంతంలో మూసీ ఉపనదికి అడ్డంగా కట్ట వేశారు. చార్మినార్‌తో హైదరాబాద్ నగరం మొదలైంది 1591లో. అంటే ట్యాంక్‌బండ్ హైదరాబాద్ కంటే దాదాపు మూడు దశాబ్దాలు పెద్దది. పనిని పర్యవేక్షించిన హుస్సేన్ షా వలీ పేరే చెరువుకు నిలిచింది. రాజు తన పేరు పెట్టాలనుకున్నా జనం హుస్సేన్ పేరుతోనే పిలిచారని, చిన్నబుచ్చుకున్న రాజు ఇబ్రహీంపట్నంలో మరో చెరువు కట్టించుకున్నాడని ఒక కథ నగరంలో చెప్పుకుంటారు. కథ నిజమో కాదో పక్కన పెడితే, బహిరంగ స్థలానికి ఎవరి పేరు నిలవాలన్న తగువు ఇక్కడ నాలుగున్నర శతాబ్దాల నాటిదన్నమాట.

1806లో చెరువుకు ఉత్తరాన బ్రిటిష్ దండు విడిదిగా సికింద్రాబాద్ ఏర్పడింది. అప్పటి నుంచి కట్ట రెండు పాలనల మధ్య వంతెన అయింది. ఒక చివర నిజాం రాజ్యం, మరో చివర కంటోన్మెంటు. నీటి నడుమ ఉన్న బండకు జిబ్రాల్టర్ రాక్ అనే పేరు ఆ కాలపు దొరల భాషను ఇంకా మోస్తోంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రాకముందు నగరం ఈ నీళ్లే తాగింది. కట్ట దిగువన దోమలగూడ, కవాడిగూడ లాంటి పేటలు పెరిగాయి. నిజాం కాలంలోనే లోయర్ ట్యాంక్‌బండ్‌లో దివాన్ బహదూర్ రామ్‌గోపాల్ బట్టల మిల్లు నడిచింది. తాగునీరు, దండు, మిల్లు, పేటలు, వీటన్నిటినీ కలిపే దారి. కట్టకున్న సొంత చరిత్ర ఇదే.

1986: జాతికి ఒక జాబితా

1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం పార్టీ తొమ్మిది నెలల్లో అధికారంలోకి వచ్చింది. ‘తెలుగువారి ఆత్మగౌరవం’ దాని ప్రధాన నినాదం. నినాదానికి కంటికి కనబడే రూపం కావాలి. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986లో ట్యాంక్‌బండ్ పొడవునా 33 మంది తెలుగు ప్రముఖుల విగ్రహాలు పెట్టించింది. శాలివాహనుడు, నన్నయ, తిక్కన, ఎర్రన మొదలుకొని గురజాడ, జాషువా, అప్పటికి మూడేళ్ల కిందటే కన్నుమూసిన శ్రీశ్రీ దాకా ఆ వరుస సాగుతుంది.

ఈ జాబితా ఇరుకైనది కాదు. గోదావరి ఆనకట్ట కట్టించిన ఆంగ్లేయుడు ఆర్థర్ కాటన్, ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్, చివరి గోల్కొండ సుల్తాన్ తానీషా, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అందులో ఉన్నారు. అయినా లోటుపాట్లు ఉన్నాయి. 33 మందిలో స్త్రీలు ఇద్దరే, రుద్రమదేవి, మొల్ల. తెలంగాణ నేలతో ముడిపడినవారంటే పోతన, రామదాసు, రుద్రమ, సురవరం ప్రతాపరెడ్డి, పైన చెప్పిన హైదరాబాదీలు, ఇంకొకరో ఇద్దరో. కొమరం భీం లేడు, దొడ్డి కొమరయ్య లేడు.

అంతకంటే విచిత్రమైన లోటు మరొకటి ఉంది, దాని గురించి మాట్లాడినవారు తక్కువ. ఎవరి పాలనలో ఈ కట్ట వేశారో ఆ ఇబ్రహీం కుతుబ్‌షా ఈ వరుసలో లేడు. తెలుగు కవులను ఆదరించి, వారిచేత ‘మల్కిభరాముడు’ అనిపించుకున్న రాజు ఆయన. తెలుగు భాషకు సేవ చేసినవారి జాబితా అనుకున్నా, కట్టకు సంబంధించినవారి జాబితా అనుకున్నా రెండు లెక్కల్లోనూ ఆయనకు చోటు దక్కాలి. దక్కలేదు. హుస్సేన్ షా వలీకీ దక్కలేదు. ఎందుకంటే ఇది చోటు నుంచి పుట్టిన జాబితా కాదు. 1956లో ఏర్పడిన ఒక భాషా రాష్ట్రం తనకంటూ కూర్చుకున్న వంశవృక్షాన్ని రాజధానిలో అందరి కళ్లూ పడే దారిలో నిలబెట్టింది. కట్ట దానికి వేదిక మాత్రమే అయింది.

బుద్ధుడిదీ ఇదే తీరు. న్యూయార్క్ రేవులోని స్వేచ్ఛా విగ్రహం చూసి వచ్చిన రామారావు తన నగరానికీ అలాంటిది కావాలనుకున్నారు. రాయగిరి దగ్గరి ఏకశిలను గణపతి స్థపతి బృందం 58 అడుగుల మూర్తిగా మలిచింది. 1990 మార్చిలో చెరువు దాటిస్తుండగా పడవ ఒరిగి, దాదాపు 450 టన్నుల విగ్రహం నీట మునిగింది. పనివాళ్లు ప్రాణాలు కోల్పోయారు. రెండున్నరేళ్లకు పైగా అడుగునే ఉన్న బుద్ధుడిని వెలికితీసి 1992 డిసెంబరు 1న జిబ్రాల్టర్ రాక్ మీద నిలిపారు. సంకల్పించిన ప్రభుత్వం అప్పటికి అధికారంలో లేదు. ఆ మూర్తి ఇవాళ హైదరాబాద్‌కు ముఖచిత్రం. చోటుతో మొదట ఏ సంబంధమూ లేని కళ కూడా కాలక్రమంలో, ప్రమాదాలతో, పడవ విహారాలతో, ఫొటోలతో స్థానికమవుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

2011: జాబితా మీద తీర్పు

2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమకారులు మిలియన్ మార్చ్ పేరుతో ట్యాంక్‌బండ్‌కు కదిలారు. ఆ రోజు పదిహేనుకు పైగా విగ్రహాలు దెబ్బతిన్నాయి, కొన్ని చెరువులో పడ్డాయి. శ్రీశ్రీ, జాషువా, అన్నమయ్య విగ్రహాలూ అందులో ఉన్నాయి. అణగారినవారి వైపు నిలిచిన కవుల విగ్రహాలను వివక్షకు వ్యతిరేకమైన ఉద్యమంలో పడగొట్టడం చాలామందిని బాధపెట్టింది, ఉద్యమంలో ఉన్నవారిని కూడా.

ఇక్కడ విగ్రహానికీ వ్యక్తికీ తేడా గమనించాలి. జాషువా పద్యం వేరు, జాషువా విగ్రహం వేరు. పద్యం దేని గురించి మాట్లాడుతుందో దానిలోనే ఉంటుంది. విగ్రహం తన వరుసను బట్టి, తనను పెట్టినవారిని బట్టి మాట్లాడుతుంది. 33 మంది కలిసి ‘తెలుగుజాతి ఒక్కటే’ అన్న వాక్యంగా నిలబడ్డారు. ఆ వాక్యాన్ని తిరస్కరించాలనుకున్నవారికి అందులోని ఒక్కో పదం ఎంత గొప్పదన్నది పట్టలేదు. ఇది చేసిన పనికి సమర్థన కాదు, ఆ పని ఎలా జరిగిందో చెప్పే వివరణ మాత్రమే. జాబితాగా పెట్టిన కళకు ఉన్న బలహీనత కూడా ఇదే: జాబితా మీద కోపం వస్తే అందులోని అందరి మీదా పడుతుంది.

తర్వాత అప్పటి ప్రభుత్వం విగ్రహాలు మళ్లీ చేయించి పెట్టింది. కొమరం భీం కూడా కట్ట మీదికి వచ్చాడు. 2014 జూన్ 2న ప్రత్యేక రాష్ట్రం ఏర్పడ్డాక ఆ 33 మందిని ఎవరూ తొలగించలేదన్నది గుర్తించదగిన విషయం. అయితే పునఃప్రతిష్ఠకు ఒక స్వభావం ఉంది. పాత రూపాన్ని ఎంత బాగా తిరిగి తెస్తే, మధ్యలో జరిగింది అంతగా మరుగున పడుతుంది. 2011 ఇప్పుడు కట్ట చరిత్రలో ఒక పొర. ఆనాడు అక్కడ ఉన్నవారి జ్ఞాపకంలో అది గట్టిగానే ఉంది, కొత్తగా వచ్చి నడిచేవారికి మాత్రం అందదు.

2023 తర్వాత: ఎత్తుల పోటీ

కొత్త రాష్ట్రం పాత వరుసను కదపకుండా చెరువుకు అవతలి ఒడ్డున తన వరుస మొదలుపెట్టింది. 2023 ఏప్రిల్ 14న 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఆవిష్కృతమైంది. పార్లమెంటు ఆకారంలోని 50 అడుగుల పీఠంతో కలిపి మొత్తం ఎత్తు 175 అడుగులు, శిల్పి రామ్ సుతార్. అదే నెల 30న అంబేడ్కర్ పేరుతో కొత్త సచివాలయం, జూన్ 22న దీపం ఆకారంలో తెలంగాణ అమరవీరుల స్మారకం. 2024 జనవరిలో విజయవాడ స్వరాజ్ మైదానంలోనూ 125 అడుగుల అంబేడ్కర్ నిలిచారు, అక్కడ పీఠంతో కలిపి 206 అడుగులు. రెండు రాష్ట్రాలు ఒకే మూర్తిని ఒకే ఎత్తులో చేయించి, పీఠం దగ్గర పోటీ పడినట్టుంది.

ఎత్తు పెరిగిన కొద్దీ చూసే తీరు మారుతుంది. ట్యాంక్‌బండ్ మీద మొల్ల ముందు ఆగి పేరు చదవొచ్చు, పక్కన కూర్చుని పల్లీలు తినొచ్చు. 125 అడుగుల మూర్తిని దూరం నుంచి, ఎక్కువగా కదిలే బండి లోంచి చూస్తారు. అమరవీరుల విషయంలో ఈ తేడా మరీ స్పష్టం. అసెంబ్లీ ఎదుట గన్‌పార్కులో 1969 ఉద్యమ అమరుల కోసం శిల్పి ఎక్కా యాదగిరిరావు చెక్కిన పాత స్తూపం చిన్నది, మెట్లెక్కి తాకగలిగేది. దశాబ్దాలుగా నివాళులు, నిరసనలు, ప్రమాణాలు అక్కడే జరిగాయి. కొత్త స్మారకం దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. జనం అలవాటు అటు మళ్లుతుందా అన్నది ప్రారంభోత్సవంతో తేలే విషయం కాదు.

ఈ క్రమంలో పోయినవీ ఉన్నాయి. కొత్త సచివాలయం కోసం 2020 జులైలో పాత భవనాలు కూల్చినప్పుడు, ఆరో నిజాం కాలపు సైఫాబాద్ ప్యాలెస్, అంటే ఉద్యోగులు జి-బ్లాక్ అని పిలిచే కట్టడం, కూడా నేలమట్టమైంది. మహబూబ్ అలీఖాన్ విగ్రహం కట్ట మీద భద్రంగా ఉంది. ఆయన కాలపు అసలు ఆనవాలు అవతలి ఒడ్డున లేకుండా పోయింది.

విగ్రహం ఏమి మోయగలదు

తెలుగునాట బహిరంగ కళ అంటే అధికంగా విగ్రహమే ఎందుకు? ఒక కారణం మన వాడుకలోనే ఉంది. విగ్రహానికి జయంతి ఉంటుంది, వర్ధంతి ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు నిచ్చెన వేసి దండ వేసేవారు ఉంటే అది బతికి ఉన్నట్టు. దండ వేసే సంఘం లేని విగ్రహానికి పావురాలే దిక్కు. కుడ్యచిత్రానికో శిలాఫలకానికో ఇలాంటి వార్షిక క్రతువు లేదు కాబట్టి దాన్ని అడిగే సంఘమూ తక్కువే. రోడ్లు, కాలిబాటల మీద రాకపోకలకు అడ్డయ్యే విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించినా కూడళ్లలో విగ్రహాలు తగ్గకపోవడానికి ఈ గిరాకీ ఒక కారణం.

రెండోది, విగ్రహం వ్యక్తిని మోయగలదు గానీ సంబంధాలను మోయలేదు. మఖ్దూం ఉదాహరణ చాలు. ఆయన కవి మాత్రమే కాదు, కార్మిక సంఘాలు నిర్మించిన నాయకుడు. ఆయన నిలుచున్న కట్టకు దిగువనే మిల్లు ఉండేది, కార్మికుల పేటలు ఉండేవి. ఆ రెండింటినీ కలిపి చెప్పే గీత ఒక్కటి కట్ట మీద ఉంటే మఖ్దూం ఆ చోటువాడయ్యేవాడు. 33 మంది వరుసలో ఆయన కవిగా మిగిలారు.

పేట తనకు తాను చెప్పుకున్నప్పుడు

పోల్చి చూడడానికి అమెరికాలోని శాన్‌డియాగో నగరం పనికొస్తుంది. అక్కడి లోగన్ హైట్స్ మెక్సికో మూలాలున్నవారి పేట. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నౌకాదళ అవసరాల వల్ల వారికి సముద్రపు ఒడ్డు దూరమైంది. 1950లలో ఇళ్ల మధ్యకు పాత ఇనుము కొట్లను అనుమతించారు. 1960లలో జాతీయ రహదారి పేటను రెండుగా చీల్చింది, 1969లో కొరొనాడో వంతెన స్తంభాలు ఇళ్లు పోయిన జాగాలో నిలిచాయి. పార్కుకు ఇస్తామన్న ఆ వంతెన కింది స్థలంలో పోలీసు స్టేషన్ పని మొదలవడంతో 1970 ఏప్రిల్ 22న జనం యంత్రాలకు అడ్డుగా నిలబడి, పన్నెండు రోజులు స్థలాన్ని ఆక్రమించి పార్కు సాధించుకున్నారు. 1973 నుంచి ఆ వంతెన స్తంభాల మీదే బొమ్మలు వేశారు. అజ్టెక్ దేవతలు, మెక్సికో విప్లవ నాయకుడు జపాటా, పొలం కూలీలు, ఇనుము కొట్ల మీద తమ పోరాటం, పార్కు ఆక్రమణ, అన్నీ అక్కడున్నాయి. 2016లో దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు.

అక్కడ గాయమే గోడ అయింది. పేటను చీల్చిన వంతెనే కథ రాసుకునే కాగితం. కాబట్టి బొమ్మను స్థలం నుంచి విడదీసి మరోచోట పెట్టడం కుదరదు. ట్యాంక్‌బండ్ విగ్రహాలను రేపు శిల్పారామానికి తరలించినా వాటి అర్థం పెద్దగా మారదు. కొనసాగడానికి కారణమూ వేరు. బొమ్మ వెలిసిపోతే మళ్లీ రంగులు వేసే బాధ్యత పేటవాసులది, చిత్రకారులది. ఎన్నికల ఫలితాలతో దానికి సంబంధం తక్కువ.

బెర్లిన్, కొలోన్ వంటి నగరాల్లో మరో పద్ధతి ఉంది. నాజీల హింసకు గురైనవారు చివరిసారి తమ ఇష్టంతో నివసించిన ఇంటి ముందు, కాలిబాటలో పది సెంటీమీటర్ల ఇత్తడి పలక పొదుగుతారు. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1990లలో మొదలుపెట్టిన ఈ పని యూరప్ అంతటా లక్ష పలకలు దాటింది. ఒక్కో పలక మీద ఒక్క పేరు, పుట్టిన ఏడు, ఏమైందన్న రెండు ముక్కలు. చదవాలంటే తల వంచాలి.

హుస్సేన్‌సాగర్ దగ్గరా ఇలాంటి స్థానిక కళ లేకపోలేదు, దాన్ని మనం ఆ పేరుతో పిలవం, అంతే. ఖైరతాబాద్ గణేశుడు 1954లో ఒక్క అడుగు బొమ్మతో మొదలయ్యాడు. 2022 నుంచి మట్టితో చేస్తున్నారు, డెబ్బయ్యో ఏడైన 2024లో ఎత్తు 70 అడుగులు. పేటలోనే పుట్టి, వీధుల్లో ఊరేగి, ఈ చెరువులోనే కరుగుతాడు. సద్దుల బతుకమ్మ నాడు పూలూ ఈ నీళ్లలోకే చేరతాయి. ఏ ప్రభుత్వమూ వాటిని ఆవిష్కరించదు, ఏ ప్రభుత్వమూ తొలగించలేదు. నెక్లెస్ రోడ్డు అవతల ఎం.ఎస్. మక్తాలో 2016 తర్వాత వీధి చిత్రకళ సంస్థ స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ చొరవతో ఇళ్ల గోడలు బొమ్మలతో నిండాయి. ఇరుకు సందుల బస్తీని జనం వచ్చి చూసే చోటుగా అవి మార్చాయి. అయితే ‘మక్తా’ అంటే నిర్ణీత శిస్తుకు ఇచ్చిన భూమి. ఆ పేరులోనే ఉన్న పాత భూముల కథ అక్కడి గోడలకు ఇంకా మంచి ముడిసరుకే.

ఇక ముందు ఎలా ఉండవచ్చు

ఇప్పుడున్న పద్ధతి మారకపోతే రెండు పరిణామాలు ఊహించవచ్చు. ఒకటి, చెరువు చుట్టూ ఖాళీ తగ్గుతున్న కొద్దీ కొత్త విగ్రహానికి చోటు అంటే పాతదాని పక్కన ఇరికించడమో, ముందు నిలబెట్టడమో అవుతుంది. రాజీవ్ గాంధీ విగ్రహం వివాదం అలాంటిదే. రెండోది, ఒకే మూర్తి రూపం మారుతూ ఉండడం. తెలంగాణ తల్లి విషయంలో అది మొదలైంది. ప్రభుత్వం అధికారిక రూపాన్ని ఖరారు చేసినా, ఊళ్లలో వందల చోట్ల కిరీటంతో, బతుకమ్మతో ఉన్న పాత తల్లులు అలాగే ఉన్నారు. రెండు రూపాలూ కొంతకాలం పక్కపక్కనే నడుస్తాయి.

కట్ట చరిత్రను కట్ట మీదికి తేవాలంటే పెద్ద ఖర్చు అక్కర్లేదు. తూము దగ్గర నీటి కథ, మిల్లు వైపు దిగే మెట్ల దగ్గర కార్మికుల కథ, సికింద్రాబాద్ చివర దండు కథ, 2011లో పడి లేచిన విగ్రహాల పీఠాల మీద ఆ తేదీ. వీటికి అడ్డు ధనం కాదు, అడిగేవారు లేకపోవడం. నీటి కథకు జయంతి లేదు, మిల్లుకు వర్ధంతి లేదు.

హుస్సేన్ షా వలీ దర్గా కట్టకు పడమరగా చాలా దూరాన, గచ్చిబౌలి వైపు ఐటీ భవనాల నడుమ ఉంది. అక్కడికి వచ్చే భక్తుల్లో ఆయనను చెరువు కట్టించినవాడిగా తలుచుకునేవారు కొందరైనా ఉంటారు. ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం గాలికి వచ్చేవారు మాత్రం ఆయన పేరు రోజూ పలుకుతూనే ఉంటారు, అది ఒక మనిషి పేరని తెలియకుండా.